ఎడమ చేతికి పని చెప్పండి

(ఒక పాలిటెక్నిక్ కాలేజీలో సివిల్ చివరి సంవత్సరం విద్యార్థులకు, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడ్ విద్యార్థులకు కలిపి ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో పొట్టి పేర్లు, మాక్రోల గురించి ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

ముందు ఈ కీబోర్డ్ చూడండి. నా ఆఫీసు నుంచి తెచ్చాను. ఎస్కేప్ పక్కన ఏముంది? ఏమీ లేదు, గుంట ఉంది. ఎఫ్1 బటన్ పీకేశాను. (నవ్వులు) నవ్వకండి, ఆటోక్యాడ్ మీద పదేళ్లు పనిచేసిన వాళ్ల కీబోర్డులు చూడండి, చాలామందివి ఇలాగే ఉంటాయి. మనం రోజుకి కొన్ని వందల సార్లు ఎస్కేప్ కొడతాం. అందులో ఓ పదిసార్లు వేలు జారి ఎఫ్1 మీద పడుతుంది. అది హెల్ప్ కీ. హెల్ప్ కిటికీ తెరుచుకునే దాకా మెషిన్ బిగుసుకుపోతుంది, మన ఆలోచన తెగిపోతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి పీకేయడం ఒక పద్ధతి. ఎఫ్1 కొట్టినా ఎస్కేప్ కొట్టినట్టే జరిగేలా ఆటోక్యాడ్‌కి చెప్పడం రెండో పద్ధతి. ఇప్పటికీ ఈ రెండో పద్ధతి తెలియక బటన్ పీకుతున్న వాళ్లున్నారు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ రెండో పద్ధతి గురించే.

నేను పనిలో చేరినప్పుడు కంప్యూటర్ లేదు. బోర్డు, మినీ డ్రాఫ్టర్, ట్రేసింగ్ పేపర్, ఇంకు పెన్ను. తప్పు గీస్తే బ్లేడుతో గీకడం. ఏడాది తిరక్కుండానే మా ఆఫీసుకి ఆటోక్యాడ్ వచ్చింది. 1997లో విడుదలైన రిలీజ్ 14 అది. దాంతోపాటు ఒక సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ కూడా వచ్చారు. మేమందరం ఆయన్ని గురువుగారు అనేవాళ్లం. మేం మౌస్ పట్టుకుని స్క్రీన్ మీద బొమ్మలు వెతుక్కుంటూ ఉంటే, ఆయన కుడి చెయ్యి మౌస్ మీద, ఎడమ చెయ్యి కీబోర్డ్ మీద పెట్టుకుని కూర్చునేవారు. ఆ ఎడమ చెయ్యి తబలా వాయించినట్టు ఆడేది. ఒకరోజు నా వెనక నిలబడి అడిగారు: "ఏమయ్యా, నీ ఎడమ చెయ్యి సెలవులో ఉందా?"

నిజంగా సెలవులోనే ఉంది. టీ గ్లాసు పట్టుకుని.

మీరు చేసే పని ఒకసారి గమనించండి. ఒక గీత గీయాలంటే కుడి చేత్తో మౌస్‌ని పైకి తీసుకెళ్లి రిబ్బన్ మీద, అంటే పైన బొమ్మల బటన్లుండే పట్టీ మీద, లైన్ బొమ్మ నొక్కుతారు, మళ్లీ కిందికి వచ్చి పాయింట్ ఇస్తారు. కొలత కొట్టాలంటే అదే కుడి చేతిని మౌస్ నుంచి తీసి నంబర్ల దగ్గరికి తీసుకెళ్తారు, మళ్లీ మౌస్ దగ్గరికి వస్తారు. గీతకి పట్టేది ఒక్క క్షణమే, మిగతాదంతా ప్రయాణం. కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదంటారు దానం విషయంలో. డ్రాఫ్టింగ్‌లో ఆ మాట పనికిరాదు.

ఆటోక్యాడ్‌లో కమాండ్ పొట్టి పేర్లు మీకు తెలుసు. ఎల్ అంటే లైన్, సీ అంటే సర్కిల్, టీఆర్ అంటే ట్రిమ్. ఇప్పుడు కీబోర్డ్ మధ్యలో నిలువుగా ఒక గీత ఊహించుకోండి. ఈ పొట్టి పేర్లు ఏ వైపు పడుతున్నాయి? ఎరేజ్‌కి ఈ, ట్రిమ్‌కి టీఆర్, ఎక్స్‌టెండ్‌కి ఈఎక్స్, ఫిల్లెట్‌కి ఎఫ్, స్ట్రెచ్‌కి ఎస్, జూమ్‌కి జెడ్. ఇవన్నీ ఎడమ వైపు. అదృష్టం. మరి లైన్‌కి ఎల్, మూవ్‌కి ఎం, ఆఫ్‌సెట్‌కి ఓ, హ్యాచ్‌కి హెచ్, పాలీలైన్‌కి పీఎల్, మిర్రర్‌కి ఎంఐ? అన్నీ కుడి వైపు. మౌస్ పట్టుకున్న చెయ్యి అది. కాపీకి సీఓ, అంటే సగం ఇటు, సగం అటు. మనం ఎక్కువగా వాడే వాటిలో సగం తప్పు చేతిలో ఉన్నాయి.

వీటిని మార్చుకోవచ్చు. ఎక్యాడ్ డాట్ పీజీపీ అని ఒక ఫైలుంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైలు. మేనేజ్ ట్యాబ్‌లో ఎడిట్ ఎలియాసెస్ నొక్కితే అదే తెరుచుకుంటుంది. అందులో ఒక్కో వరసా ఇలా ఉంటుంది: పొట్టి పేరు, కామా, ఒక నక్షత్రం గుర్తు, తర్వాత అసలు కమాండ్ పేరు. అంతే. డీడీ, కామా, నక్షత్రం, డిమ్‌లీనియర్ అని ఒక వరస చేర్చి సేవ్ చేసి, ఆటోక్యాడ్‌లో రీఇనిట్ అని కొట్టి పీజీపీ ఫైల్ దగ్గర టిక్ పెడితే ఆ క్షణం నుంచి డీడీ కొడితే కొలత గీత వస్తుంది. ఆటోక్యాడ్ మూసి తెరవక్కర్లేదు.

నా అనుభవంతో రెండు మాటలు. ఒకటి, ఉన్న పేర్లు మార్చకండి, కొత్తవి చేర్చండి. నేను కుర్రతనంలో సీని కాపీకి ఇచ్చేశాను. సాయంత్రం షిఫ్టులో నా సిస్టమ్ మీద కూర్చున్నాయన సర్కిల్ కోసం సీ కొట్టి, అది కాపీకి వెళ్లి, ఆయన నన్ను తిట్టిన తిట్లు ఈ మైకులో చెప్పలేను. (నవ్వులు) అప్పటి నుంచి జంట అక్షరాలు వాడుతున్నాను. కాపీకి సీసీ, మూవ్‌కి వీవీ, డైమెన్షన్‌కి డీడీ. ఒకే వేలితో రెండు దెబ్బలు, టకటక. ఏఏ మాత్రం ముట్టుకోకండి, అది ఏరియాకి ముందే ఉంది. రెండోది, మీ వరసలన్నీ ఫైలు అడుగున రాయండి. ఒకే పొట్టి పేరు రెండుసార్లు ఉంటే ఆటోక్యాడ్ చివరిదాన్నే తీసుకుంటుంది. పైన ఎక్కడో మార్చి, కింద పాతది ఉండిపోయి, "సార్, పనిచేయట్లేదు" అని ఫోన్లు చేసేవాళ్లు ఎక్కువ.

ఇక్కడో పిట్టకథ. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ ఆన్‌లో మర్చిపోయి ఆటోక్యాడ్‌లో ఎల్ కొడితే ఏమవుతుందో చూశారా? ఇన్‌స్క్రిప్ట్‌లో ఎల్ ఉన్నచోట త ఉంటుంది. కింద కమాండ్ లైన్‌లో "అన్‌నోన్ కమాండ్ త" అని వస్తుంది. దాని పక్కనే సహాయానికి ఎఫ్1 నొక్కండి అని కూడా రాస్తుంది. పీకేసిన బటన్ నొక్కమంటుంది! టైటిల్ బ్లాక్‌లో, అంటే డ్రాయింగ్ వివరాలు రాసే గడిలో, ఊరి పేరు తెలుగులో కొట్టాక భాష మార్చుకోవడం అలవాటు చేసుకోండి.

సరే, పొట్టి పేరుకి ఒక హద్దు ఉంది. అది ఒక్క కమాండ్‌ని మాత్రమే పిలుస్తుంది. ఆ కమాండ్ మిమ్మల్ని నాలుగు ప్రశ్నలు అడిగితే నాలుగింటికీ మీరే జవాబివ్వాలి. ఆ జవాబులు కూడా ముందే రాసిపెడితే అది మాక్రో.

మాక్రో ఎలా రాయాలో చెప్పేముందు, దేనికి రాయాలో చెప్తాను. ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. ఇంటర్నెట్‌లో ఎవరో "వంద మాక్రోలు" అని పెడతారు, దింపుకుంటారు, వారం తర్వాత ఒక్కటి కూడా గుర్తుండదు. అవి ఆయన పనికి పుట్టినవి, మీ పనికి కాదు. మీ పని మీకు తెలుసనుకుంటారు గానీ తెలియదు. నాకూ తెలియదు. ఆటోక్యాడ్‌లో లాగ్‌ఫైల్‌ఆన్ అని ఒక కమాండ్ ఉంది. అది కొట్టారంటే కమాండ్ లైన్‌లో జరిగేదంతా ఒక టెక్స్ట్ ఫైలులో నమోదవుతూ ఉంటుంది. మూడు రోజులు ఆన్ చేసి వదిలేయండి. తర్వాత ఆ ఫైలు తెరిచి, పెన్సిల్ పట్టుకుని కూర్చోండి.

నేను మొదటిసారి చూసుకున్నప్పుడు సిగ్గేసింది. ట్రిమ్, ఆఫ్‌సెట్ లాంటివే ఎక్కువ ఉంటాయనుకున్నాను. అక్కడ కనబడిందేమిటంటే, లేయర్, అంటే గోడలకొకటి, తలుపులకొకటిగా డ్రాయింగ్‌లో ఉండే పొర, మార్చడం, ఏదో గీయడం, పాత లేయర్‌కి తిరిగి రావడం. మళ్లీ మార్చడం, మళ్లీ రావడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే. రెండోది పిల్లర్లు. 230 బై 450 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రం గీయడం, కొలతలు చేత్తో కొట్టడం. ఒక అపార్ట్‌మెంట్ ప్లాన్‌లో ఎన్ని పిల్లర్లుంటాయో మీకు తెలుసు. ఆ 230 అన్న అంకెని నేను జీవితంలో ఎన్నిసార్లు కొట్టానో! మన తొమ్మిదంగుళాల గోడే కదా అది.

కాబట్టి నా మొదటి మాక్రో పిల్లర్‌ది. బోర్డు మీద రాస్తాను, చదువుతాను, మీరూ నోట్స్‌లో రాసుకోండి. క్యారెట్ సీ, క్యారెట్ సీ, అండర్‌స్కోర్, రెక్టాంగ్, సెమీకోలన్, బ్యాక్‌స్లాష్, ఎట్ గుర్తు, 230 కామా 450, సెమీకోలన్. మధ్యలో ఎక్కడా ఖాళీ వదలకండి. మాక్రోలో ఖాళీ కూడా ఎంటర్ కొట్టినట్టే లెక్క.

ఒక్కొక్కటీ చూద్దాం. క్యారెట్ సీ అంటే రద్దు. మీరు వేరే కమాండ్ మధ్యలో ఉంటే దాన్ని ఆపేస్తుంది. రెండుసార్లు ఎందుకు? కొన్ని కమాండ్లలో లోపలి ప్రశ్న దగ్గరుంటే ఒక్క రద్దుతో పూర్తిగా బయటికి రాలేం. తలుపు రెండుసార్లు తట్టినట్టు. అసలు సీ ఎందుకు, ఎస్కేప్ అని ఎందుకు లేదు అని ఎవరైనా అడగాలి... అడిగావా తల్లీ? బాగుంది. డాస్ రోజుల్లో ఆటోక్యాడ్‌లో కమాండ్ రద్దు చేయాలంటే కంట్రోల్ సీ కొట్టేవాళ్లు. విండోస్ వచ్చాక కంట్రోల్ సీ అంటే కాపీ అయింది, రద్దుకి ఎస్కేప్ వచ్చింది. మాక్రోలలో మాత్రం ఆ పాత గుర్తే ఉండిపోయింది. తాతగారు పోయి పాతికేళ్లయినా కరెంటు బిల్లు ఆయన పేరు మీదే వస్తున్నట్టు.

అండర్‌స్కోర్ ఎందుకంటే, జర్మన్ ఆటోక్యాడ్‌లో లైన్‌ని లీనీ అంటారు, ఫ్రెంచ్‌లో లీన్య్ అంటారు. ముందు అండర్‌స్కోర్ పెడితే ఏ భాష వర్షన్ అయినా ఇంగ్లిష్ పేరు అర్థం చేసుకుంటుంది. మీలో రేపు విదేశీ ప్రాజెక్టుల ఆఫీసుల్లో చేరేవాళ్లుంటారు, ఇప్పుడే అలవాటు చేసుకోండి. సెమీకోలన్ అంటే ఎంటర్. బ్యాక్‌స్లాష్ అంటే "ఆగు, ఆయన్ని అడుగు" అని. మీరు మౌస్‌తో పాయింట్ ఇచ్చేదాకా మాక్రో అక్కడే నిలబడుతుంది. ఇచ్చారా, ముందుకి కదులుతుంది. ఎట్ గుర్తు పెట్టాం కాబట్టి 230, 450 మీరిచ్చిన పాయింట్ నుంచి లెక్క. కింది ఎడమ మూల చూపిస్తే చాలు, పిల్లర్ పడుతుంది.

ఇది రాయాల్సింది సీయూఐ అనే కమాండ్‌లో. అక్కడ కొత్త కమాండ్ సృష్టించి, మాక్రో అన్న గడిలో ఈ వరస పెట్టి, దాన్ని పట్టుకుని షార్ట్‌కట్ కీస్ కిందికి లాగి, కీ చెప్పాలి. నేను కంట్రోల్ షిఫ్ట్‌తో కలిపి ఎడమ చేతి అక్షరం ఒకటి ఇస్తాను. ఎఫ్1 కథ కూడా ఇక్కడే తీరుతుంది. ఉత్త క్యారెట్ సీ, క్యారెట్ సీ అని ఒక కమాండ్ చేసి దానికి ఎఫ్1 ఇచ్చేయండి. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు.

మాక్రో వరస ముందు ఒక నక్షత్రం పెడితే మీరు ఎస్కేప్ కొట్టేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. ముప్పై పిల్లర్లు వరసగా పెట్టుకుంటూ పోవచ్చు. నాకైతే ఈ చిన్న నక్షత్రం తెలిసిన రోజు పండగే.

ఇప్పుడు లేయర్ సంగతి. లేయర్ అని కొడితే పెద్ద డైలాగ్ బాక్స్ వస్తుంది. మాక్రో డైలాగ్ బాక్సులో బటన్లు నొక్కలేదు. బాక్స్ వచ్చిందా, మాక్రో చేతులెత్తేసినట్టే. అందుకని కమాండ్ ముందు ఒక హైఫన్ పెడతాం. హైఫన్ లేయర్ అంటే బాక్స్ రాకుండా ప్రశ్నలన్నీ కింద కమాండ్ లైన్‌లో అడుగుతుంది. అక్కడ ఎం అంటే మేక్. లేయర్ లేకపోతే చేస్తుంది, ఉంటే దాంట్లోకి వెళ్తుంది. కాబట్టి ఒకే వరసలో: హైఫన్ లేయర్, ఎం, గోడ లేయర్ పేరు, సీ, రంగు నంబరు, ఆపైన ఎంటర్‌లు, వెంటనే పాలీలైన్. ఒక్క కీ నొక్కితే గోడ లేయర్‌లో, గోడ రంగుతో, పాలీలైన్ మొదలవుతుంది. రంగు నంబరు తర్వాత మూడు సెమీకోలన్లు పడాలి, రెండు కాదు. ఒకటి రంగుకి, ఒకటి "ఏ లేయర్‌కి?" అన్న ప్రశ్నకి, మూడోది బయటికి రావడానికి. ఈ లెక్క నోటితో గుర్తుండదు. ముందు చేత్తో కొట్టి చూడండి, ఎన్నిసార్లు ఎంటర్ కొట్టారో లెక్కపెట్టండి, అప్పుడు రాయండి.

ఇది వేగం కోసమే అనుకుంటున్నారా? ఆన్‌లైన్ ప్లాన్ అప్రూవల్స్ వచ్చాక లేయర్ పేరు చట్టమంత గట్టిదయింది. ఇదివరకు మున్సిపాలిటీలో ఒక మనిషి ప్రింటు చూసేవాడు. గోడ ఏ లేయర్‌లో ఉంటే ఆయనకేం? ఇప్పుడు ముందుగా డ్రాయింగ్‌ని చదివేది సాఫ్ట్‌వేర్. చెప్పిన పేరుతో చెప్పిన లేయర్ ఉంటేనే దానికి సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదిలే ఖాళీ, ఏదో, గది ఏదో తెలుస్తుంది. నేనొకసారి లేయర్ పేరు చివర ఒక అక్షరం ఎక్కువ కొట్టాను. కంటికి ఆనలేదు. ప్లాన్ తిరిగొచ్చింది. ఇంటాయన ముహూర్తం పెట్టుకుని కూర్చున్నాడు, శ్రావణమాసం. ఆయనకి నేను స్పెల్లింగ్ గురించి ఏమని చెప్పను? తర్వాత ఆ పేర్లన్నీ మాక్రోల్లో పెట్టేశాను. ఒక్కసారి సరిగ్గా కొట్టి, పదిసార్లు సరిచూసుకుని, ఇక చేత్తో కొట్టడం మానేశాను.

అయితే మాక్రో తప్పులు కూడా అదే వేగంతో చేస్తుంది. నావే చెప్తాను.

మొదటిది, ఆ పిల్లర్ మాక్రో మిల్లీమీటర్లలో ఉంది కదా. ఒకరోజు మీటర్లలో గీసిన సైట్ ప్లాన్‌లో అదే నొక్కాను. స్క్రీన్ మీద పిల్లర్ కనబడలేదు. మళ్లీ నొక్కాను. మళ్లీ. తర్వాత డ్రాయింగ్ మొత్తం చూపించే జూమ్ ఎక్స్‌టెంట్స్ కొడితే 230 మీటర్ల వెడల్పు, 450 మీటర్ల పొడవు పిల్లర్లు మూడు. ఊరు మొత్తం వాటి కిందే ఉంది. (నవ్వులు) దీన్ని గుర్తుపట్టడం తేలిక, పెద్ద తప్పు కాబట్టి. ఇంకోసారి పిల్లర్ల మూలలు గుండ్రంగా వచ్చాయి. రెక్టాంగ్ కమాండ్ అంతకుముందు మీరిచ్చిన ఫిల్లెట్ విలువని, అంటే మూల ఎంత గుండ్రంగా ఉండాలన్నదాన్ని, గుర్తుపెట్టుకుంటుంది. పొద్దున ఎవరి కోసమో సోఫా గీశాను, మధ్యాహ్నం పిల్లర్లకి సోఫా మూలలు వచ్చాయి.

భయపెట్టింది మూడోది. అప్పటికి నేను మాక్రోలు దాటి లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి వచ్చాను. పిల్లర్ చుట్టూ ఫుటింగ్, అంటే దాని కింది పునాది, గీసే చిన్న ప్రోగ్రామ్ రాశాను. చక్కగా పనిచేసింది. ప్రింటు సైట్‌కి వెళ్లింది. మూడో రోజు మేస్త్రీ ఫోన్ చేశాడు: "సార్, ఈ వరసలో ఒక ఫుటింగ్ పక్కదాంతో కలవట్లేదండి, కొంచెం వాలినట్టుంది." నేను నమ్మలేదు. లెక్క కంప్యూటర్ వేసింది కదా! తెరిచి చూస్తే నిజమే. ఒక మూల ఉండాల్సిన చోట లేదు, పక్కనున్న వేరే గీత కొసకి అతుక్కుపోయింది.

కారణం ఆబ్జెక్ట్ స్నాప్. మనం మౌస్‌తో గీసేటప్పుడు గీత కొసని పట్టుకోవడానికి దాన్ని ఆన్‌లో ఉంచుతాం. లిస్ప్ నుంచి పాయింట్ ఇచ్చినా ఆ స్నాప్ తన పని తాను చేస్తుంది. దగ్గరికి జూమ్ చేసి ఉంటే తప్పు జరగదు. దూరంగా జూమ్ చేసి ఉంటే గీతలన్నీ దగ్గరదగ్గరగా కనబడతాయి, అది పక్కదాన్ని పట్టుకుంటుంది. అంటే ఒకే ప్రోగ్రామ్ పొద్దున సరిగ్గా, సాయంత్రం తప్పుగా పనిచేయగలదు. దీనికంటే దుర్మార్గమైన తప్పు ఇంకోటి లేదు. మేస్త్రీ దారం కట్టి చూడకపోతే ఆ ఫుటింగ్ అలాగే కాంక్రీటు అయిపోయేది.

మందు రెండు రకాలు. స్నాప్‌లని నడిపే ఆస్‌మోడ్ అనే సెట్టింగ్ విలువని ముందు దాచుకుని, సున్నా చేసి, పని అయ్యాక తిరిగి పెట్టడం చాలామంది చేసేది. దీంట్లో ఒక చిక్కుంది. పని మధ్యలో వాడుతున్నాయన ఎస్కేప్ కొడితే తిరిగి పెట్టే వరస దాకా ప్రోగ్రామ్ వెళ్లదు. ఆ మనిషికి స్నాప్‌లన్నీ మాయం, ఎందుకో తెలియదు. కాబట్టి ఆగిపోయినా సరిచేసే ఎర్రర్ ఫంక్షన్ కూడా రాయాలి. నేనైతే రెండో మందు వాడతాను. ప్రతి పాయింట్‌కి ముందు అండర్‌స్కోర్ నన్ అని ఒక మాట పెడతాను. ఆ ఒక్క పాయింట్‌కి స్నాప్ వద్దని అర్థం. సెట్టింగ్ ఏదీ మారదు, తిరిగి పెట్టేదీ ఉండదు.

లిస్ప్ అన్నాను కదా, దాని గురించి ఎక్కువ చెప్పను, ఒక గంటలో అయ్యేది కాదు. 1958లో అమెరికాలో ఎంఐటీలో జాన్ మెకార్తీ తయారుచేసిన భాష అది, కృత్రిమ మేధ పరిశోధనల కోసం. ఆటోక్యాడ్ 1982లో వచ్చింది, 1986లో ఆ భాషని ఆటోలిస్ప్ పేరుతో తనలో కలుపుకుంది. ఇవాళ ఏఐ ఏఐ అంటున్నారు కదా, దాని తాతగారి భాషలో మనం ఇన్నేళ్లుగా బాత్రూం తలుపులు గీస్తున్నాం. మాక్రో ఉన్న ప్రశ్నలకి జవాబులు మాత్రమే ఇవ్వగలదు. "ఇలా ఉంటే ఇది చెయ్యి, అలా ఉంటే అది చెయ్యి" అనాలంటే, పిల్లర్లకి సీ1 నుంచి సీ48 దాకా నంబర్లు వేయాలంటే, గదుల ఏరియాలన్నీ కూడాలంటే లిస్ప్ కావాలి. ఖరీదు తక్కువున్న ఎల్‌టీ వర్షన్‌లో ఇది ఉండేది కాదు, 2024 వర్షన్ నుంచి ఇచ్చారు. ఒక్క చిట్కా మాత్రం చెప్పి వదిలేస్తాను. మీ ప్రోగ్రామ్ మొదట్లో అన్‌డూ బిగిన్, చివర్లో అన్‌డూ ఎండ్ పెట్టండి. లేకపోతే ఒక తప్పుని వెనక్కి తీయడానికి నలభైసార్లు యూ, అంటే అన్‌డూ, కొట్టాలి.

యాక్షన్ రికార్డర్ అని ఇంకోటుంది, మీరు చేసేది రికార్డు చేసి మళ్లీ ఆడిస్తుంది. 2009 వర్షన్‌లో వచ్చింది. నాకు పెద్దగా నచ్చలేదు. అసలు మాక్రో సదుపాయమే లేని సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకి ఆటోహాట్‌కీ అని ఉచితంగా దొరుకుతుంది, విండోస్‌లో ఏ ప్రోగ్రామ్‌కైనా కీలు మార్చిపెడుతుంది. క్యాప్స్‌లాక్ ఉంది చూడండి, ఎడమ చేతి పక్కనే మంచి రోడ్డు సైడు స్థలం, ఏ పనీ లేకుండా పడి ఉంది. దాన్ని ఆటోక్యాడ్‌లో ఉన్నంతసేపూ ఎంటర్‌గా మార్చుకున్నవాళ్లున్నారు. మౌస్ ఫలానా చోట క్లిక్ చెయ్యి అని రికార్డు చేసే టూల్స్ జోలికి మాత్రం పోకండి. మానిటర్ మార్చిన రోజు అది ఎక్కడ క్లిక్ చేస్తుందో భగవంతుడికే తెలియాలి.

ప్లాటింగ్ షాపుల నుంచి పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటారు కదా. డ్రాయింగుల పక్కన మీరు పెట్టని ఎక్యాడ్ డాట్ ఎల్ఎస్‌పీ, లేదా ఎక్యాడ్‌డాక్ డాట్ ఎల్ఎస్‌పీ అని ఫైలు కనబడితే ఆ ఫోల్డర్‌లోంచి డ్రాయింగ్ తెరవకండి. ఆ పేర్లున్న ఫైళ్లని ఆటోక్యాడ్ అడక్కుండానే లోడ్ చేసుకుంటుంది. ఆ సౌకర్యాన్నే పట్టుకుని వైరస్‌లు రాశారు. ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి తమని తాము కాపీ చేసుకుంటూ పోతాయి. 2014 వర్షన్ నుంచి, నమ్మకమైన ఫోల్డర్ కానప్పుడు లోడ్ చెయ్యాలా అని అడుగుతోంది. మనవాళ్లు ఆ హెచ్చరికని చదవకుండా లోడ్ నొక్కేస్తారు, అది వేరే సంగతి.

ఇంతా ఎందుకు, ఐకాన్లు నొక్కితే పోదా అంటారేమో. 2009 వర్షన్‌లో రిబ్బన్ వచ్చింది, బొమ్మల చోట్లు మారాయి. 2015 వర్షన్‌లో పాత క్లాసిక్ వర్క్‌స్పేస్, అంటే పాత స్క్రీన్ అమరిక, తీసేశారు. బొమ్మల మీద బతికినవాళ్లు కొత్త ఊళ్లో దిగినట్టు వెతుక్కున్నారు. గురువుగారికి ఆ రెండుసార్లూ ఏ మార్పూ తెలియలేదు. ఆయన ఎల్ కొడితే గీత వచ్చింది, ఎప్పటిలాగే. వేరే కంపెనీల క్యాడ్‌లు, జీస్టార్, జెడ్‌డబ్ల్యూ, బ్రిక్స్ లాంటివి వాడే ఆఫీసుల్లో చేరినా మీ పొట్టి పేర్లు అక్కడికి తెచ్చుకోవచ్చు.

ప్రశ్నలున్నాయా? చెప్పు బాబూ.

(విద్యార్థి: సార్, ఇప్పుడు ఏఐని అడిగితే లిస్ప్ అదే రాసిస్తోంది కదా, మేం నేర్చుకోవాలా?)

రాసిస్తుంది. నేనూ అడుగుతున్నాను, దాచేదేముంది. అది ఇచ్చిన దాంట్లో నన్ అన్న మాట ఉందా లేదా అని చూస్తాను. చాలాసార్లు ఉండదు. ఫుటింగ్ కథ దానికి తెలియదు కదా, నీకిప్పుడు తెలుసు. డ్రాయింగ్ కాపీ తీసి, దూరంగా జూమ్ చేసి ఒకసారి, దగ్గరగా ఒకసారి నడిపి చూడు. రెండింట్లో ఒకే కొలత వస్తే వాడుకో. ఇంకా?

(మరో విద్యార్థిని: తొందరగా చేస్తే ఓనర్ ఇంకో పని ఇస్తారు కదండీ?)

(నవ్వులు, చప్పట్లు) ఇస్తారమ్మా, తప్పకుండా ఇస్తారు. నెల జీతం మీద చేసినన్నాళ్లూ నేను ఎంత తొందరగా అయిందో ఎవరికీ చెప్పలేదు. మిగిలిన టైములో కొత్త మాక్రోలు రాసుకున్నాను. తర్వాత సొంతంగా చదరపు అడుగుకి ఇంత అని పని పట్టుకున్నప్పుడు ఆ మిగిలిన టైమంతా నాదే అయింది. ఏది ఎప్పుడు చెప్పాలో నువ్వే చూసుకో.

భోజనానికి ఇంకా అరగంట ఉందట. ల్యాబ్ తాళం తీయించారు. వెళ్లి ఆటోక్యాడ్ తెరిచి, ముందు లాగ్‌ఫైల్‌ఆన్ కొట్టండి. తర్వాత మీ సారు ఇచ్చిన ప్లాన్ ఎప్పటిలాగే గీయండి, నా మాటలేవీ గుర్తుపెట్టుకోకుండా. మధ్యాహ్నం రెండు గంటలకి ఆ ఫైళ్లు ప్రింటు తీసుకుని పెన్సిళ్లతో ఇక్కడికే రండి.